గోడకుర్చీ వేస్తేనే మంచుకొండ!

తొర్రూరు బస్టాండులో దిగగానే మా కాక ఎదురయ్యాడు. 'పేపర్ల రాస్తవు గదా... మంచు మీద జారుడంటె ఏందో జెర చెప్పురా' అన్నాడు, బాగున్నావా అని కూడా అడక్కుండా.

సంగతేంటంటే... డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు వచ్చే డిసెంబరుకి అమ్మానాన్నల్ని రమ్మన్నాడు. 'బాపూ, అందరం స్కీయింగ్‌కు పోదాం' అన్నాడట. కాకకు యాభై ఆరేళ్లు. ఎరువుల దుకాణంలో పొద్దంతా కుర్చీలోనే. కాస్త షుగరుంది. ఆయన ఇంతవరకూ చూసిన మంచల్లా హైదరాబాద్‌లో 2004లో పెట్టిన స్నో వరల్డ్‌లోదే. వద్దని చెబుదామనుకున్నా. కానీ మూడేళ్లుగా కొడుకును ఫోన్లో తప్ప చూడని మనిషికి ఆ మాట ఎలా చెబుతాం? అందుకే నాలుగు పుస్తకాలు తిరగేసి, తెలిసినవాళ్లను అడిగి, ఆయనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదుగా!

స్కీయింగ్ అనగానే నడుం విరుగుతుందని భయపడతాం. ఎక్కువగా దెబ్బ తినేది మోకాలు. పాతకాలంలో కాలి ఎముకలు విరిగేవి. గట్టి ప్లాస్టిక్ బూట్లు, పడగానే ఊడిపోయే బిగింపులు వచ్చాక ఆ బాధ తగ్గింది. కానీ కాలు మెలిపడితే ఆ మెలిక అంతా ఇప్పుడు మోకాలి మీదికే వస్తోంది. తొడ ఎముకను కింది ఎముకతో పట్టి ఉంచే తాడులాంటి లిగమెంటు ఒకటుంది. డాక్టర్లు ఏసీఎల్ అంటారు. వెనక్కి కూలబడుతూ, ఎలాగైనా లేచి నిలబడాలని గింజుకునేటప్పుడే చాలామందికి అది తెగుతుంది. కాబట్టి పడుతున్నామని తెలిస్తే పడిపోవడమే మేలు. చేతులు ముందుకు చాచి, మోకాళ్లు వంచి, కర్రలు వదిలేసి పక్కకు ఒరగాలి. పూర్తిగా ఆగేదాకా లేవకూడదు. కాకకు ఈ ముక్క భలే నచ్చింది. 'పడుడు కూడా నేర్సుకోవాల్నా!' అని నవ్వాడు.

మరి కసరత్తు? పాలకుర్తి గుట్ట ఎక్కి దిగినవాళ్లకు తెలుసు. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు తొడల వణుకు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును మోస్తుంది. మర్నాడు పట్టేసేది అందుకే. స్కీయింగ్ మొత్తం దిగడమే! రోజూ పొద్దున రోడ్డు మీద నడిచినంత మాత్రాన ఆ కండరం సిద్ధం కాదు. దానికి మందు మన బళ్లోనే దొరుకుతుంది. లెక్కలు తప్పితే సారు వేయించిన గోడకుర్చీ గుర్తుందా? వీపు గోడకు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు ఉండటం. మొదట ఇరవై సెకన్లు చాలు. ఊపిరి మాత్రం బిగపట్టొద్దు. ఆ తర్వాత గుంజీళ్లు... నాలుగు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగాలి, మామూలుగా లేవాలి. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడితే తూకం వస్తుంది. వారానికి మూడు నాలుగు రోజుల చొప్పున రెండు నెలలు చేయాలి. మోకాలు నొప్పెడితే ఆపి డాక్టరుకు చూపించాలి. ఈ లెక్కన ఏటా తొమ్మిది రోజులు వంగుతూ లేస్తూ బతుకమ్మ ఆడే మా చిన్నమ్మే కాక కంటే నయం.

ఎండలు మండే ఊళ్లో మంచుకేం సిద్ధమవుతాం అంటారా? 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ అమ్మాయీ, తోడుగా ఎక్కిన ఆనంద్ కుమారూ తొలి పాఠాలు నేర్చింది భువనగిరి బండ మీదే. చలి సంగతి తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో తెలుసుకున్నారు.

ఇక జారడం. మొదటిరోజు నేర్పేది ఆగడం. స్కీల ముందు కొసలు దగ్గరగా, మడమలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది. కుడికి తిరగాలంటే బరువు ఎడమ కాలి మీద వేయాలి. అన్నిటికన్నా కష్టం ఒళ్లు ముందుకు వాల్చడం. కింద లోయ కనబడుతుంటే భయంతో వెనక్కి వాలతాం. అప్పుడు స్కీల ముందు భాగం తేలికై, మన మాట వినదు. 'తాళ్లెక్కే గౌడన్నను చూడు కాకా' అన్నాను. మోకు మీద నమ్మకంతో వెనక్కి వాలతాడు కాబట్టే పాదాలు మానును పట్టుకుంటాయి. భయపడి చెట్టును వాటేసుకున్నవాడికే కాలు జారుతుంది. ఇక్కడ వాలాల్సింది ముందుకు, అంతే తేడా. పిక్క ముందరి ఎముక బూటుకు ఒత్తుకుంటూ ఉంటే సరిగ్గా వాలినట్టు.

నేర్పే పని మాత్రం కొడుక్కి అప్పగించొద్దన్నాను. డబ్బులు పోయినా శిక్షకుడి దగ్గరే నేర్చుకోవాలి. తండ్రికి కొడుకు పాఠం చెబితే రెండో గంటకే ఇద్దరూ మాట్లాడుకోరు! అక్కడ ఆకుపచ్చ వృత్తం గుర్తున్న వాలు తేలిక, నల్ల డైమండ్ గుర్తుంటే అటు తొంగి కూడా చూడొద్దు. హెల్మెట్ తప్పనిసరి. డెన్వర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, స్కీయింగ్‌కు పేరున్న బ్రెకెన్‌రిడ్జ్ ఊరు 2,900 మీటర్ల పైన. దిగిన రోజే పరుగెత్తకుండా ఒకట్రెండు రోజులు ఒంటిని అలవాటు పడనివ్వాలి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు బాగా శ్రమ పడితే షుగరు పడిపోవచ్చు. వెళ్లే ముందే డాక్టరుతో మాట్లాడాలి, జేబులో గ్లూకోజు బిళ్లలు ఉండాలి. ప్రయాణ బీమాలో స్కీయింగ్ దెబ్బలకు డబ్బిస్తారో లేదో చదివి చూసుకోవాలి. అమెరికాలో మోకాలి ఆపరేషనంటే ఎరువుల దుకాణం అమ్ముకోవాల్సిందే!

పోయిన వారం కాక ఫోన్ చేశాడు. గోడకుర్చీ నలభై సెకన్లకొచ్చిందట. 'దుకాణంల గోడకు ఆనుకుంటె యూరియాకు వచ్చినోళ్లు నవ్వుతున్నర్రా' అన్నాడు. కాసేపాగి గొంతు తగ్గించి, 'మీ చిన్నమ్మ నిమిషం దాటింది. పిలగానికి చెప్పకు' అన్నాడు.