తొమ్మిది వందల గంటల పడవకే నా ఓటు

మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే బహస్. డాలస్ ఎండల్లో పిల్లల్ని లూయిస్‌విల్ లేక్‌కి తీసుకెళ్ళడానికి పాత వేక్‌బోర్డ్ పడవ ఒకటి కొందామని భాయిజానూ నేనూ డబ్బు జమ చేశాం. రెండు పడవలు నజర్‌లో ఉన్నాయి. రెండూ వీ-డ్రైవ్‌లే. ఇంజను వెనక మూలకి పోతుంది కాబట్టి మధ్యలో అందరూ కూర్చునే జాగా ఉంటుంది.

మొదటిది 2004 మోడల్. 900 గంటలు నడిచింది. సీట్లు చిరిగాయి గానీ ఆయిల్ మార్చిన ప్రతి రసీదూ ఉంది. రెండోది 2008ది, 250 గంటలే. తళతళలాడుతోంది. కాయితం ముక్క లేదు, ఏళ్ళ తరబడి షెడ్డులోనే ఉంది. దాని ధరకి మా జమ మొత్తం ఖతం.

భాయిజాన్ దలీల్ ఒకటే: గంటలు తక్కువైతే అరుగుదల తక్కువ. నా ఖయాల్ వేరు. పడవని వాడకం కంటే ఖాళీగా పడి ఉండడమే ఎక్కువ పాడుచేస్తుంది. నీళ్ళు తోడే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు వంగినచోటే బిగుసుకుపోతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పట్టి చెడుతుంది. గొట్టాలు బీటలిస్తాయి. చలికాలంలో లోపల నీళ్ళు తియ్యకపోతే గడ్డకట్టి ఇంజను బ్లాకే పగలొచ్చు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టినప్పుడు నీళ్ళు తీశారా అని అడిగితే, అమ్మే ఆసామీ దగ్గర జవాబు లేదు.

రెండో పడవలో బరువుకి నీళ్ళు నింపే ట్యాంకులు పెద్దవి, అల పెద్దది. నిజమే. కానీ మా పిల్లలకి ఏడేళ్ళు, తొమ్మిదేళ్ళు. నేర్చుకునేవాళ్ళకి చిన్న అలే నయం. ఆ నీళ్ళ బరువు మీద ఖాందాన్ అంతా ఎక్కి, పిల్లలు ముందు సీట్లలో చేరితే మూతి మునిగి నీళ్ళు లోపలికొస్తాయి. ఆ పెద్ద అల షౌక్ ఎవరిది, మీరే చెప్పండి! పిల్లలది మాత్రం కాదు.

పాతది కొంటే డబ్బు మిగులుతుంది. దాంతో ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్లు కొనొచ్చు. ఇలాంటి పడవ కదులుతుంటే పదమూడేళ్ళలోపు పిల్లలు అవి తొడుక్కుని తీరాలన్నది టెక్సాస్ కానూన్. ట్రైలర్ బ్రేకులూ బాగుచేయించొచ్చు. ఏ పడవైనా ఒక ఖత్రా మాత్రం పోదు: ఇంజను ఆన్‌లో ఉండగా పిల్లలు వెనక మెట్టు మీద కూర్చోకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

900 గంటలు చిన్న సంఖ్య కాదని నాకూ తెలుసు. అందుకే బయానా ఇచ్చేముందు మెకానిక్‌తో కంప్రెషన్ చూపించి, నీళ్ళలో ఓ గంట నడిపించాలి. అందులో ఫెయిలైతే రెండూ వద్దు, ఇంకో సీజన్ ఆగుదాం. పాసైతే అదే తీసుకుందాం. చిరిగిన సీటు మీద అమ్మీ దుప్పటి పరుచుకుని కూర్చోగలదు. లేక్ నడిమధ్య ఇంజను ఆగితే ఆవిడ ఏం చెయ్యగలదు, భాయిజాన్?