మూగవోయిన ట్రాన్స్‌మిటర్ నేర్పే పాఠం

రెండు వైపులా మాట్లాడుకొనే రేడియో సెట్టులో అవతలివారి మాట మనకు చక్కగా వినిపిస్తూ, మన మాట మాత్రం వారికి చేరకపోవడం తరచుగా కనిపించే లోపం. అటువంటప్పుడు చాలామంది మొదట చేసే పని చివరి పవర్ ట్రాన్సిస్టర్‌ను ఊడదీసి క్రొత్తది అతికించడం. ఈ తొందరపాటు తగదనీ, దీనికి విరుగుడు కళాశాల ప్రయోగశాలలోనే ఉన్నదనీ మా అభిప్రాయం.

మేము బోధించేది తెలుగు. దీర్ఘసమాసం బోధపడనప్పుడు విగ్రహవాక్యం చెప్పి పదం పదంగా విడదీస్తామే కాని, చివరి పదాన్ని మార్చివేయము. ట్రాన్స్‌మిటర్ కూడ అటువంటిదే. క్రిస్టల్‌తో పనిచేసే పాత సెట్టును చూడండి. ఆసిలేటర్ 12.1 మెగాహెర్ట్‌జ్ తరంగాన్ని పుట్టిస్తే, మల్టిప్లయర్లు దానిని 12 రెట్లు చేసి 145.2 మెగాహెర్ట్‌జ్‌కు చేరుస్తాయి. డ్రైవర్, పవర్ యాంప్లిఫయర్ దానికి బలమిస్తాయి. తరువాత ఫిల్టరు, రిలే దాటి అది ఏంటెన్నాకు చేరుతుంది. ఏ అంచె తడబడినా ఫలితం ఒక్కటే, మౌనం. కేవలం మౌనాన్ని బట్టి దోషిని నిర్ణయించరాదు.

మరి చేయవలసినదేమిటి? ముందుగా ఏంటెన్నాను తొలగించి, వాట్‌మీటరును, 50 ఓమ్‌ల డమ్మీ లోడును కలపాలి. మాట్లాడే మీట నొక్కినప్పుడు 13.8 వోల్టుల సరఫరా నిలబడుతున్నదా, కుంగుతున్నదా చూడాలి. చివరి అంచె కరెంటు దాదాపు తీసుకోకుంటే, వెనుకటి అంచెల నుండి డ్రైవ్ అందడం లేదేమోనని అనుమానించాలి. కరెంటు అధికంగా ఉండి పవర్ రాకుంటే, ఆ అంచెలోనో దాని తరువాతి ఫిల్టరు, రిలేలలోనో వెదకాలి. పవర్ సరిగా ఉండి మాట లేకుంటే మైకును, మాడ్యులేటర్‌ను పరీక్షించాలి. డమ్మీ లోడు మీద అన్నీ సవ్యంగా ఉంటే లోపం ఏంటెన్నాలోనో కేబులులోనో ఉన్నట్టు. ఆ కేబులు తెగి ఉండగా ట్రాన్సిస్టర్ మార్చితే, క్రొత్తది కూడ కాలిపోవచ్చు.

నేటి సెట్లలో పెక్కు అంచెలు ఒక్క చిప్‌లో ఇమిడిపోయినవి కదా, ఈ విద్య ఎందుకని కొందరు అడుగవచ్చు. అంచెలు చిన్నవైనవి కాని మాయం కాలేదు. సరఫరా, ఉత్పత్తి, బలవర్ధనం, ప్రసారం అనే క్రమం నేటికీ అదే. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు టెలిఫోన్లు, సెల్‌ఫోన్లు మూగబోయినవి. అటువంటి వేళ అక్కరకు వచ్చేది రేడియో. అదీ మూగబోతే విడిభాగాలు అమ్మే దుకాణం తెరచి ఉండదు. మల్టీమీటరు పట్టి క్రమంగా ఆలోచించగల మనిషి కావాలి.

అటువంటి మనిషిని తయారుచేయడం మన బాధ్యత. ప్రయోగశాలలో మన విద్యార్థులు సవ్యంగా నడిచే పరికరాలనే చూస్తున్నారు, వచ్చిన సరియైన ఫలితాన్నే రికార్డులో వ్రాస్తున్నారు. కళాశాల కమిటీవారు ఒక పాత సెట్టును, డమ్మీ లోడును, వాట్‌మీటరును సమకూర్చాలని మా మనవి. లైసెన్సు లేనివారు ట్రాన్స్‌మిటర్ నడపడం నేరం కనుక, లైసెన్సు గల వ్యక్తి పర్యవేక్షణలోనే ఈ పాఠం సాగాలి. అధ్యాపకుడు కావాలని ఒక లోపం కల్పించాలి. విద్యార్థి ఏమి ఊహించాడు, ఏమి కొలిచాడు, ఏ ఊహను ఎందుకు విడిచాడు, ఇవన్నీ రికార్డుకెక్కాలి, వాటికి మార్కులుండాలి.

విద్యార్థులారా! కొలవనిదే మార్చకండి. కారణం తెలియనిదే మరమ్మతు పూర్తి అయినదని తలచకండి.