సియర్సు అంగడి పతనము: మన సంఘములకొక గుణపాఠము



మన సంఘపు సర్వసభ్య సమావేశము సమీపించుచున్నది. పనిముట్ల మరమ్మతు షెడ్డు వలన లాభము లేదు గనుక దానిని మూసివేసి, బాటప్రక్కనున్న యా స్థలమును పై వర్తకునకు అద్దెకిచ్చి, వచ్చు సొమ్మును డివిడెండులో కలుపవలెనని కొందరు సభ్యులు తీర్మానము తేనున్నారని వినుచున్నాను. దానిపై చేయి యెత్తు హక్కు నాకు లేదు. నేను సంఘ సభ్యుడను కాను. పొలముల వెంట తిరుగు డిమాన్‌స్ట్రేటరును మాత్రమే. అయినను ఈ పత్రిక నాకు చోటిచ్చినది కనుక, అమెరికాలో రైతుల ఆదరణచే పెరిగి, మన కాలముననే కూలిపోయిన యొక మహా వర్తకసంస్థ వృత్తాంతమును ముందు చెప్పి, పిదప నా అభిప్రాయమును విన్నవించెదను.

1886లో మిన్నెసోటా రాష్ట్రమున నార్త్ రెడ్‌వుడ్ అను చిన్న రైల్వే స్టేషనులో రిచర్డ్ సియర్సు అను యువకుడు ఏజెంటుగా నుండెను. ఒక నగల వర్తకుడు వలదని త్రిప్పివేసిన గడియారములను అతడు కొని, తోడి స్టేషను ఏజెంట్లకు అమ్మి లాభము గడించెను. మరుసటి యేడు చికాగో చేరి, ఆల్వా రోబక్ అను గడియారముల పనివానిని తోడు తెచ్చుకొనెను. వీరిరువురి పేరిట వెలసినదే సియర్సు రోబక్ కంపెనీ.

ఆ రోజులలో అమెరికా రైతునకు పల్లెలోని యొక్క దుకాణమే గతి. వర్తకుడు చెప్పినదే ధర. అతడు వ్రాసినదే అరువు లెక్క. ఈ బాధ మన తాతలకు తెలియనిది కాదు. 1872లో మాంట్‌గోమరీ వార్డు అను వర్తకుడు గ్రేంజి అను రైతు సంఘమువారిని ఆధారముగా గొని, ధరలు అచ్చు వేసిన పట్టికను పల్లెలకు పంపి వ్యాపారము నారంభించెను. సియర్సు అదే త్రోవను పట్టి అతనిని మించెను. 1896లో పల్లెటి యిండ్లకు ఉచితముగా టపా అందించు పద్ధతియు, 1913లో పార్సెలు టపాయు వచ్చుటతో ఆ వ్యాపారము వెల్లువవలె పెరిగెను. సూది మొదలు దుక్కి పనిముట్ల వరకు ఆ కేటలాగులో దొరకని వస్తువు అరుదు. సరుకు నచ్చనిచో సొమ్ము తిరిగి యిచ్చెదమని కంపెనీ మాట యిచ్చెను. ఆ మాటను నిలుపుకొనెను. కన్నెత్తి చూడని వర్తకునకు రైతు ముందుగా సొమ్ము పంపెననిన, దానికి మూలము ఆ నమ్మకమే గాని వేరు గాదు.

1895లో ఆ సంస్థలో చేరిన జూలియస్ రోజన్‌వాల్డు, రైతు బాగుపడిననే అంగడి బాగుపడునని యెరిగిన పురుషుడు. వ్యవసాయ నిపుణుని నియమించుకొను మొదటి నూరు జిల్లాలకు, జిల్లాకు 1,000 డాలర్ల చొప్పున విరాళమిత్తునని 1912లో అతడు ప్రకటించెను. నావంటి యుద్యోగి ఆ దేశపు పల్లెలలో కాలుమోపుటకు ఆ అంగడి సొమ్ము కొంత సాయపడినది. కనుకనే దాని పతనము నాకు పరుల కథవలె తోపలేదు.

ఇక గృహయంత్రముల సంగతి. బట్టలుతుకు యంత్రములు, రిఫ్రిజిరేటర్లు, వంటపొయ్యిలు ఈ కంపెనీకి వెన్నెముక. కెన్‌మోర్ అను పేరు మొదట 1913లో కుట్టుమిషనుపై కనబడి, 1927లో బట్టలుతుకు యంత్రమున కెక్కెను. ఇచ్చట గమనింపవలసిన విశేష మొకటి కలదు. కెన్‌మోర్ యంత్రములను సియర్సు తన కార్ఖానాలో చేయలేదు. మిషిగన్ రాష్ట్రములోని అప్టన్ అను చిన్న కంపెనీ 1916 నుండి సియర్సునకు ఉతుకు యంత్రములను చేసి యిచ్చుచుండెను. ఆ కంపెనీయే పెరిగి పెద్దదై 1950లో వర్లుపూల్ అను పేరు దాల్చెను. మరి, వస్తువు పరులు చేసినదైనచో, సియర్సు అమ్మినదేమి? తన పరీక్షను, తన పూచీని, తన మరమ్మతు పనివానిని అమ్మినది. యంత్రము చెడిన యింటికి సియర్సు పనివాడు పరికరముల పెట్టెతో వచ్చి బాగుచేసి పోవును. తల్లి కొన్న అంగడిలోనే కూతురును కొనెను. మాల్ అనబడు పెద్ద బజారులలో సియర్సు దుకాణము లేని పట్టణము అరుదయ్యెను. 1973లో చికాగోలో 110 అంతస్తుల సౌధమును కట్టించుకొనునప్పటికి, ప్రపంచములో అంతకు మించిన యెత్తయిన భవనము లేదు.

సౌధము కట్టిన పిమ్మట పునాది సంగతి మరపునకు వచ్చెను. 1981లో ఆ సంస్థ వాటాల దళారీ వ్యాపారమును, ఇండ్లు స్థలములు అమ్మిపెట్టు వ్యాపారమును కొనెను. భీమా కంపెనీ అంతకుమునుపే కలదు. 1985లో అప్పు కార్డు వ్యాపారము మొదలిడెను. పాలకుల చూపు అటు మరలగా, వాల్‌మార్టు మొదలగు క్రొత్త అంగళ్లు ధరలు తగ్గించి సరుకు అమ్ముచుండెను. 1992లో, భీమా నష్టములు మున్నగునవి కలిసి, సియర్సు 390 కోట్ల డాలర్లు నష్టపోయెను. 1993 జనవరిలో ఆ ప్రఖ్యాతమైన పెద్ద కేటలాగును నిలిపివేయుటకు నిశ్చయించి, సుమారు 50,000 మంది యుద్యోగములను తీసివేసిరి. రైతును అంగడితో కలిపిన త్రాడు ఆనాటితో తెగెను. ఓడ దాటువరకు ఓడ మల్లయ్య, ఓడ దాటిన పిదప బోడి మల్లయ్య యను సామెతకు ఇంతకన్న నిదర్శనమేల?

అయినను గృహయంత్రముల వ్యాపారము ఇంకను బలముగనే యుండెను. ఆ దేశములో అంతటి విక్రేత వేరొకడు లేడు. దానిని కాపాడుకొన్నచో సంస్థ నిలిచెడిది. కాని 2005లో, కే-మార్టు అను మరియొక అంగడి పగ్గములు చేపట్టియున్న ఎడ్వర్డ్ లాంపర్ట్ అను ధనవంతుడు సుమారు 1,100 కోట్ల డాలర్ల బేరముతో రెండు సంస్థలను ఒకటి చేసెను. అటుపిమ్మట జరిగినది మనము శ్రద్ధగా చదువవలసిన భాగము.

మొదటిది, అంగళ్లపై వ్యయము కుంటుపడెను. పోటీదారులైన హోమ్ డిపో, లోస్, బెస్ట్ బై సంస్థలు తమ దుకాణములను బాగుచేసుకొనుచుండగా, సియర్సు దుకాణములలో నేల పగిలినను, దీపము చెడినను పట్టించుకొనువారు తగ్గిరి. కావలసిన సొమ్ము లేకపోలేదు. 2005 మొదలు కొద్ది యేండ్లలోనే సుమారు 580 కోట్ల డాలర్లు పెట్టి కంపెనీ తన వాటాలను తానే తిరిగి కొనెను. వాటాల సంఖ్య తగ్గినచో మిగిలిన వాటాల విలువ పెరుగునని యెత్తు. అంగడికి సున్నము వేయవలసిన సొమ్ము వాటాదారుల జేబులలో పడినది.

రెండవది యింటిలో పోరు. 2008లో సంస్థను ముప్పదికి పైగా విభాగములుగా విడగొట్టి, ఒక్కొక్క దానికి వేరు అధికారిని, వేరు లాభనష్టముల లెక్కను ఏర్పరచిరి. గృహయంత్రములను అమ్ము విభాగము వేరు. కెన్‌మోర్ పేరునకు యజమానియైన విభాగము వేరు. కెన్‌మోర్ యంత్రము అమ్మినపుడెల్ల మొదటి విభాగము రెండవ దానికి రుసుము చెల్లింపవలెను. ఎల్‌జీ మొదలగు పరుల యంత్రములు అమ్మినచో తమ లెక్కలో లాభము హెచ్చుగా మిగులుచుండెను గనుక, అమ్మువారు తమ యింటి సరుకును వెనుకకు నెట్టి, పరుల సరుకును ముందువరుసలో నిలిపిరి. ఒక్క బావి నీటితో పండు పొలమును అన్నదమ్ములు పంచుకొని, ఎవరి మడికి వారు గండి కొట్టుకొన్నచో పంట యేమగునో రైతులకు నేను చెప్పనక్కరలేదు.

మూడవది ఆస్తుల విక్రయము. 2015లో 235 దుకాణముల స్థలములను సుమారు 270 కోట్ల డాలర్లకు, లాంపర్టునకు సంబంధమున్న వేరొక సంస్థకే అమ్మి, ఆ స్థలములలో అద్దెకు కూర్చుండిరి. 2017లో క్రాఫ్ట్స్‌మన్ అను పేరుగల పనిముట్ల వ్యాపారమును 90 కోట్ల డాలర్లకు అమ్మివేసిరి. కూర్చుండి తినిన కొండలైనను తరుగును. 2010 తరువాత ఆ సంస్థ లాభము మొగము చూడలేదు.

అప్పు పెరిగిన యింటికి సరుకు అరువిచ్చు వాడుండడు. 2017 అక్టోబరులో, ధరల తగవుపై, వర్లుపూల్ తన పేరు గల యంత్రములను సియర్సునకు పంపుట మానెను. 1916 నుండి సాగిన నూరేండ్ల బాంధవ్య మది. ఒకప్పుడు సియర్సే ఆ కంపెనీకి ప్రధానమైన గిరాకీ; తెగిన నాటికి వర్లుపూల్ ప్రపంచ విక్రయములలో సియర్సు భాగము నూటికి మూడు పాళ్లు మాత్రమే. పోగొట్టుకొన్న దెవరో స్పష్టమే గదా. 2018 అక్టోబరు 15వ తేదీన సియర్సు దివాలా పిటిషను దాఖలు చేసెను. నాటికి సుమారు 700 దుకాణములు మిగిలియుండెను. మరుసటి యేడు లాంపర్టే సుమారు 520 కోట్ల డాలర్లకు మిగిలిన ఆస్తిని కొనెను. 2024 చివరకు సియర్సు దుకాణములు పదింటికి మించలేదు.

ఇది యంతయు ఇంటర్నెట్టు వర్తకము చేసిన చేటు గాని పాలకుల తప్పు గాదని కొందరందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని సమాధానము కూడ కలదు. కంటికి కనబడని గిరాకీదారునకు సరుకు పంపి నమ్మకము సంపాదించుటలో సియర్సునకు నూరేండ్ల అనుభవము కలదు. కేటలాగు మూయ నిశ్చయించినది 1993లో. అమెజాన్ పుట్టినది 1994లో. చేతిలోని విద్యను వదలుకొన్న మరుసటి యేటనే ఆ విద్యతో మరియొకడు బయలుదేరెను. మరియును, హోమ్ డిపో, లోస్, బెస్ట్ బై సంస్థలు నేటికిని దుకాణములలోనే రిఫ్రిజిరేటర్లు, ఉతుకు యంత్రములు అమ్ముచున్నవి. జనులు ఆ యంత్రములను కొనుట మానలేదు. సియర్సు వద్ద కొనుట మానిరి.

తప్పంతయు ఒక్క ధనవంతుని నెత్తిన వేయుటయు న్యాయము గాదు. అతడు రాకమునుపే, అప్పు కార్డులును భీమాయును గొప్పవనియు, గడియారము మొదలు అమ్మి సంపాదించిన నమ్మకము చిన్నదనియు తలచిన పాలకులు కొందరుండిరి. తెగులు ముందే పుట్టినది. అతని కాలమున కంకి తాలుపోయినది.

ఇప్పుడు మన షెడ్డు సంగతికి వత్తును. స్ప్రేయర్లు, పంపుసెట్లు, దుక్కి పనిముట్లు బాగుచేయుటవలన సంఘమునకు మిగులునది స్వల్పమే యని లెక్కలు చెప్పుచున్నవి. ఆ లెక్క అబద్ధము కాదు, అసంపూర్ణము. కొన్నియేండ్ల క్రిందట నేను మరియొక ప్రాంతమున పనిచేయుచుండగా, అచ్చటి యొక సంఘము ఇట్లే మెకానిక్కును తీసివేసి షెడ్డును అద్దెకిచ్చెను. ఆ యేడు డివిడెండు కొంచెము పెరిగెను, సభ్యులు సంతోషించిరి. మరుసటి పైరునకు పురుగు పట్టిన వేళ స్ప్రేయరు చెడిన రైతు పట్టణమునకు పోయెను. పట్టణపు వర్తకుడు స్ప్రేయరును బాగుచేసి యిచ్చి, మందును అరువుగా నిచ్చెను. మందు అచ్చట తీసికొన్నవాడు ఎరువును అచ్చటనే తీసికొనెను. విత్తనమును అచ్చటనే తీసికొనెను. తుదకు ధాన్యమును ఆ అరువు క్రిందనే కొలిచెను. రెండేండ్లలో ఆ సంఘపు గిడ్డంగి యెదుట బండ్లు నిలుచుట తగ్గెను. ఈ నష్టము ఏ లెక్క పుస్తకమునను షెడ్డు పద్దు క్రింద కనబడలేదు. ఆ సంఘము తీర్మానించుటకు ముందు నన్నడిగిరి. నేను మౌనముగా నుంటిని. నేడు ఈ వ్యాసము వ్రాయుటకు అదియొక కారణము.

డివిడెండు కోరుట తప్పని నేననను. సభ్యుని సొమ్ము సభ్యునికి చేరవలసినదే. కాని పంటలో తినవలసిన గింజలు వేరు, విత్తనపు గింజలు వేరు. రైతు ఆకటనైనను విత్తనపు గంపను ముట్టుటకు వెనుదీయును. ఆ వివేకమును పొలమున చూపు మనము సంఘమున ఏల మరువవలెను? మరమ్మతు షెడ్డు, నమ్మదగిన తూకము, రిజర్వు నిధి ఇవి మన సంఘపు విత్తనములు.

సియర్సు వాటాదారులు కొన్న ధర పెరిగినచో అమ్మి పోగలవారు. వారు ఉతుకు యంత్రము అచ్చట కొననక్కరలేదు. మన సంఘములో వాటాదారుడును గిరాకీదారుడును ఒక్కడే. మీరు షెడ్డు మూసి పంచుకొను రూపాయి మీ జేబునుండియే వేరొక దారిని పట్టణమునకు పోవును. కంచె చేను మేసినచో రైతు ఎవరితో మొరపెట్టుకొనును?

కాబట్టి సమావేశమునకు తప్పక రండు. తీర్మానముపై చేయి యెత్తకమునుపు కార్యదర్శిని ఒక లెక్క యడుగుడు: షెడ్డుకు వచ్చిన సభ్యులలో ఎందరు అదే దినమున గిడ్డంగిలో సరుకు కొనిరి? బిల్లు పుస్తకములు చూచినచో సమాధానము దొరకును. ఆ లెక్క చూచిన పిమ్మటను షెడ్డు మూయవలెనని మీకు తోచినచో మూయుడు, నేనిక మాటాడను. చూడక మూసినచో మాత్రము, నూరేండ్ల అంగడి చేసిన పొరపాటునే మనము తెలిసి చేసినవారమగుదుము.