హస్తవాసి చాలదు

డిప్రెషన్‌తో మంచం దిగని మనిషిని మన ఇళ్లలో ముందుగా సైకియాట్రిస్టుకు చూపించరు. దిష్టి తీస్తారు. ఏలిననాటి శని ఇంకా ఎన్నాళ్లుందో లెక్క కట్టిస్తారు. దర్గాలో తాయెత్తు కట్టిస్తారు, గుళ్లో నిద్ర చేయిస్తారు. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. అన్నీ అయ్యాక, తెలిసినవాళ్ల కంట పడకుండా పక్క ఊరి డాక్టరు దగ్గరికి బయల్దేరతారు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. అదంతా మూఢనమ్మకం ఖాతాలోనే వేయలేం. డాక్టర్లు చాలినంతమంది లేకపోవడమూ అందులో ఉంది.

ఇంతవరకు హేతువాదులు చాలాసార్లు రాసిందే. నా పేచీ ఆ తర్వాతి మెట్టు దగ్గర. డాక్టరు దగ్గరికైనా ఎలా వెళ్తున్నాం? ‘ఆయన హస్తవాసి మంచిదట’ అని విని వెళ్తున్నాం. చేతులు కట్టుకుని కూర్చుని, ఇచ్చిన చీటీ కళ్లకద్దుకుని, ఒక్క ప్రశ్న అడక్కుండా వచ్చేస్తున్నాం. భూతవైద్యుడి ముందు కూర్చున్న తీరుకూ దీనికీ తేడా ఏమిటో నాకు అర్థం కాదు.

తాయెత్తు పనిచేసినట్టు ఎందుకు అనిపిస్తుందో చూడండి. డిప్రెషన్ చాలామందికి విడతలు విడతలుగా వస్తుంది. కొన్ని నెలలకు దానంతటదే సడలడమూ ఉంది. మనం తాయెత్తు కట్టించేది మరీ దిగజారిన రోజున. ఆ తర్వాత ఏ కాస్త తేరుకున్నా పేరు తాయెత్తుకే. సరే, ఈ అభ్యంతరం మాత్రకు మాత్రం వర్తించదా? నిక్షేపంగా వర్తిస్తుంది. అందుకే కొందరికి మందు, కొందరికి అచ్చం అలాగే కనబడే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరిది ఏదో ఇచ్చేవారికీ మింగేవారికీ తెలియనివ్వకుండా పరీక్షిస్తారు. 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష 522 క్లినికల్ ట్రయల్స్‌ను కలిపి చూసింది. అందులోని 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేనని తేలింది. అయితే సగటున ఆ తేడా ఓ మోస్తరే. ఈ రెండో ముక్క మింగేసి మొదటిది మాత్రమే చెబితే మనమూ మహిమలు ప్రచారం చేస్తున్నట్టే. ‘మెదడులో సెరటోనిన్ తగ్గింది, మాత్ర దాన్ని నింపుతుంది’ అనే కథ కూడా చెప్పడానికి వీలుగా ఉంది గానీ రుజువైంది కాదు. మందు ఎలా పనిచేస్తుందో పూర్తిగా తెలియకపోయినా, పనిచేస్తోందా లేదా అన్నది లెక్క పెట్టి చూడవచ్చు. తీవ్రమైన డిప్రెషన్‌లో మందులు వాడమని డాక్టర్లు చెప్పేది ఆ లెక్కల మీదే. ఎటొచ్చీ ఏ మందు ఎవరికి పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కాబట్టి రోగి చెప్పే సంగతులకు విలువ.

చిక్కల్లా అక్కడే. ఆ స్థితిలో ఉన్న మనిషికి మాట పెగలదు. డాక్టరుకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కాసేపూ పక్కనున్న బావగారే మాట్లాడతారు: ‘ఏం తినడు సార్, ఉద్యోగానికి పోడు, మీరే కాస్త గట్టిగా చెప్పండి.’ అందుకే ముందే ఓ కాగితం రాసుకోవాలి, చెయ్యి కదలకపోతే ఎవరితోనైనా రాయించుకోవాలి. నిద్ర ఎన్నింటికి తెలిసిపోతోంది, బరువు ఎంత తగ్గింది, థైరాయిడ్ ఉందా, తాగుడు ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా, వస్తే ఏ మందుతో తగ్గింది, ఇంతకు ముందు ఏ మాత్ర వాడి ఎందుకు మానేశారు... ఇవి. ఇంకొకటి చాలా ఇళ్లలో దాటిపోతుంది. ఒకప్పుడు రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట తెలియక, గడగడా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెట్టిన కాలం ఉందా? ఇంట్లో దాన్ని అమ్మవారి పూనకమనో, హుషారనో అనుకుని ఉండొచ్చు. అది బైపోలార్ అయితే డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇవ్వడం మనిషిని మళ్లీ ఆ ఉధృతిలోకి తోయవచ్చు. మందుల వరసే మారిపోతుంది.

చావు ఆలోచనలు కాగితం మీదికి రావు. ‘అలాంటి మాట నోట రానీకు, తథాస్తు దేవతలుంటారు’ అంటుంది అమ్మ. ఇంత ప్రమాదకరమైన నమ్మకం మన దగ్గర ఇంకొకటి లేదేమో. ఆత్మహత్య గురించి అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. డాక్టరు ముందుగా తెలుసుకోవలసింది అదే. కేసవుతుందన్న భయమూ అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించి చికిత్స ఇమ్మంటోంది, శిక్షించమనడం లేదు. అపాయింట్‌మెంట్ దాకా ఆగలేని రాత్రి వస్తే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు, నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఇక మనం డాక్టరును అడిగేవి. పథ్యం దగ్గర మనవాళ్లకు నోరు బాగా లేస్తుంది: వంకాయ తినొచ్చా, పెరుగు పోసుకోవచ్చా, వేడి చేస్తుందా? అడగవలసింది, ఎన్నాళ్లకు గుణం కనిపిస్తుందని. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు సరిగా పట్టడానికి చాలామందిలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే రావచ్చు. మొక్కు కోసం మండలం రోజులు ప్రదక్షిణలు చేసే ఓపిక ఉన్న ఇల్లు, మాత్రకు మూడు రోజులే గడువిస్తుంది. లైంగికాసక్తి తగ్గుతుందా అని అడగడానికి సిగ్గుపడి, తగ్గాక చెప్పకుండా మానేసేవాళ్లున్నారు. ఒక్కసారిగా మానితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి రావచ్చు. అది చూసి ‘అలవాటు పడిపోయాడు’ అంటారు. నిజంగా అలవాటయ్యే జాతి ఆల్ప్రజోలామ్ లాంటివి. చీటీలో అవీ ఉంటే ఎన్నాళ్లు వాడాలో అక్కడే అడగాలి. పాతికేళ్ల లోపువారిలో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కనుక ఎప్పుడు మళ్లీ చూపించాలో తేదీతో సహా రాయించుకోవాలి. కరెంటు షాక్ మాట వస్తే సినిమాలు గుర్తు తెచ్చుకుని లేచి వచ్చేయనక్కర్లేదు. మరీ తీవ్రమైన డిప్రెషన్‌లో అది బాగా పనిచేసే చికిత్స. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా చేయడాన్ని అదే చట్టం నిషేధించింది.

పెరుగన్నంలో మాత్ర నూరి కలిపే ఇళ్లున్నాయి. ప్రేమతోనే చేస్తారు. దొరికిపోయిన రోజున ఆ మనిషి అన్నాన్ని కూడా నమ్మడు.

చేతికి కట్టిన తాయెత్తును డాక్టరు గదిలోకి వెళ్లేముందు విప్పించాలని కొందరు మిత్రులు పట్టుబడతారు. ఉండనివ్వండి, దారానికి మాత్రతో ఏ పేచీ లేదు. కడుపులోకి వెళ్లేవాటి సంగతి వేరు. నాటు వైద్యుడు ఇచ్చిన పసరు, లేహ్యం, పేరు లేని పొడి పొట్లం, అన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టాలి.