బర్నబాలు కావాలి

దమస్కులో సౌలుకు చూపు తిరిగొచ్చింది. కానీ యెరూషలేములో అతన్ని చేర్చుకునేవారే కరువయ్యారు. అతనూ శిష్యుడేనంటే ఎవరూ నమ్మలేదు. అప్పుడు బర్నబా అతన్ని అపొస్తలుల వద్దకు వెంటబెట్టుకెళ్లి, జరిగినదంతా వివరించాడు (అపొ.కా.9:26,27). కొత్తవాడి పక్షాన నోరు విప్పడానికి ఒక్కడు చాలు!

హైదరాబాద్‌లో ఆప్టోమెట్రీ చదివి, ఏళ్లతరబడి కళ్లు పరీక్షించిన మన పిల్లలు కెనడా వెళ్తే ఆ పని వెంటనే చేయలేరు. ముందు వారి చదువును అక్కడ మదింపు చేస్తారు. అవసరమైతే మళ్లీ చదవాలి, పరీక్షలు రాయాలి, ఆపైన లైసెన్సు పొందాలి. అంత పెద్ద దేశంలో ఆప్టోమెట్రీ నేర్పే విశ్వవిద్యాలయాలు రెండే: వాటర్లూ, మాంట్రియల్.

పరీక్షలు వద్దని మనం అనడం లేదు. కంటితో చెలగాటం కూడదు, రోగి క్షేమం కోసం ఆ జాగ్రత్త న్యాయమే. అయితే అద్దె, ఫీజులు, పసిబిడ్డల మధ్య చదువుకునే సోదరికి తోడెవరు? ఆరాధన ముగియగానే ‘మీకోసం ప్రార్థిస్తాం’ అనేసి మనం ఇంటిదారి పడుతున్నాం.

ఆమె చదువుకునే వేళ బిడ్డను చూసుకోవడం, వడ్డీ లేకుండా ఫీజు సర్దడం, సంఘంలోని కంటి డాక్టరును పరిచయం చేయడం అక్కడి తెలుగు సంఘాలు చేయగల పనులే. విమానమెక్కక ముందే యూనివర్సిటీ పత్రాలన్నీ సిద్ధం చేసుకునేలా తోడ్పడటం ఇక్కడి మన వంతు.

బర్నబా మాటసాయంతోనే ఆగలేదు. అంతకుముందే పొలం అమ్మి, ఆ సొమ్మును సంఘానికిచ్చినవాడు (అపొ.కా.4:36,37). పౌలు పత్రికలను ప్రేమించే మనం బర్నబాను మరిస్తే ఎలా?