విమాన ప్రమాద దర్యాప్తులో చెప్పిన మాటకు రక్షణ కోరుతూ లింబాయత్ తెలుగువారి వినతిపత్రం

గౌరవనీయులైన శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,
కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి, న్యూఢిల్లీ.
(సూరత్ జిల్లా కలెక్టర్ గారి ద్వారా)

విషయం: విమాన ప్రమాదాల భద్రతా దర్యాప్తులో ఇచ్చిన వాంగ్మూలాలను, రికార్డింగులను పోలీసులు సోదా వారెంటుతో స్వాధీనం చేసుకునే పద్ధతికి నియమాల్లో స్పష్టమైన హద్దులు పెట్టవలసిందిగా విన్నపం.

అయ్యా,

మేము సూరత్ నగరం లింబాయత్‌లో ఉంటున్న తెలుగువాళ్లం. మాలో ఎక్కువమంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికోసం వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు. మీరు శ్రీకాకుళం వారు, మా భాష మీ భాష ఒకటే. అందుకే ఈ విన్నపాన్ని తెలుగులోనే రాస్తున్నాం. కలెక్టర్ గారి కార్యాలయం కోసం గుజరాతీ ప్రతిని జతచేశాం.

నేత పని చేసుకునేవాళ్లకు విమాన దర్యాప్తు నియమాలతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. మా ఇళ్లలో చాలావాటికి గల్ఫ్‌లో ఉన్న మనిషి ఒకడైనా ఉంటాడు. మగ్గాల మీద రోజులు గడవక, చదువుకున్న పిల్లలు విమానాశ్రయాల్లో సామాను ఎక్కించే పనికి, విమానం లోపల శుభ్రం చేసే పనికి, గేటు దగ్గర కాపలాకు కాంట్రాక్టర్ల కింద చేరుతున్నారు. 2023 డిసెంబరులో సూరత్‌కు అంతర్జాతీయ విమానాశ్రయం హోదా వచ్చినప్పటి నుంచి ఆ ఆశ ఇంకా పెరిగింది. విమానానికి ఏదైనా జరిగితే దర్యాప్తు అధికారి ముందు నిలబడేవాళ్లలో పైలట్, ఇంజనీర్ మాత్రమే ఉండరు. చివరిసారి ఆ విమానం తలుపు మూసిన పిల్లవాడు కూడా ఉంటాడు. అతని తరఫున మాట్లాడటానికి సంఘం లేదు, వకీలు లేడు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 171 కూలినప్పుడు విమానంలో ఉన్న 242 మందిలో 241 మంది, కింద బీజే మెడికల్ కాలేజీ హాస్టల్ ప్రాంతంలో 19 మంది, మొత్తం 260 మంది పోయారు. సూరత్ నుంచి అహ్మదాబాద్ నాలుగైదు గంటల రైలు ప్రయాణం. ఈ గుజరాత్‌లో ఆ దుఃఖం తాకని వీధి లేదు. ఆ మరుసటి రోజు శిథిలాల్లో దొరికిన ఒక డీవీఆర్‌ను (డిజిటల్ వీడియో రికార్డర్‌ను) గుజరాత్ ఏటీఎస్ (ఉగ్రవాద నిరోధక దళం) సిబ్బంది తీసుకువెళ్తున్న దృశ్యాన్ని అందరితోపాటు మేమూ టీవీలో చూశాం. సాక్ష్యం పాడవకుండా చూడటం వాళ్ల విధి, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ అదే రోజుల్లో విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, ఏఏఐబీ, తన పని తాను మొదలుపెట్టింది. ఒకే శిథిలాల మీద రెండు దర్యాప్తులు. ఒకటి మళ్లీ ఇలా జరగకుండా కారణం వెతికేది, ఇంకొకటి నేరం ఉందేమో చూసేది. ఒకదాని చేతికి వచ్చింది రెండోదాని చేతికి ఎప్పుడు వెళ్లవచ్చు, ఎవరి అనుమతితో వెళ్లాలి అన్నది సామాన్యుడు చదివి తెలుసుకునేంత స్పష్టంగా ఎక్కడా రాసిలేదు. మా ఫిర్యాదు అంతా ఇక్కడే ఉంది.

2017 నాటి విమాన ప్రమాదాల దర్యాప్తు నియమాలు ఏఏఐబీ దర్యాప్తు ఉద్దేశం ప్రమాదాలను నివారించడమేనని, ఎవరి మీదా తప్పు మోపడం కాదని చెబుతాయి. ఆ ఉద్దేశం నెరవేరాలని దర్యాప్తు అధికారికి పెద్ద అధికారాలు ఇచ్చారు. ఎవరినైనా సమన్లతో పిలిపించవచ్చు, ఏ చోటుకైనా వెళ్లి తనిఖీ చేయవచ్చు, చెప్పింది నిజమేనని సంతకం చేయించుకోవచ్చు. ఇవన్నీ కావాల్సినవే. అయితే పిలిస్తే రాక తప్పదు, అడిగితే చెప్పక తప్పదు అన్న స్థితిలో చెప్పిన మాట అది. పోలీసు స్టేషన్‌లో చెప్పిన మాటకు మన చట్టంలో ఎన్ని అడ్డుగోడలున్నాయో చూడండి. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదు. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో రుజువుగా పనికిరాదు. నిందితుడిని తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది. గుజరాత్ నుంచే వెళ్లిన శ్యామ్‌లాల్ మోహన్‌లాల్ చోక్సీ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది: పత్రాలు తెచ్చి ఇమ్మని నిందితుడికి సమన్లు పంపడం కుదరదని.

ఇన్ని రక్షణలున్న దేశంలో, సమన్లకు తలొగ్గి ఏఏఐబీ అధికారి ముందు మా పిల్లవాడు సంతకం చేసిన కాగితం ఆ సంస్థ బీరువాలో ఉంటుంది. రేపు ఒక సోదా వారెంటుతో ఆ బీరువా తెరిస్తే పై రక్షణల్లో ఏదీ అతనికి అడ్డు నిలవదేమోనన్నదే మా భయం. అతను ఆ మాట చెప్పింది పోలీసుకు కాదు. చెప్పినప్పుడు అతను నిందితుడూ కాదు.

ఈ భయం మా ఒక్కరిదే కాదు, దీనిమీద ఇతర దేశాల కోర్టుల్లో పెద్ద వాదాలే నడిచాయి. 1995 జూన్ 9న న్యూజీలాండ్‌లో పామర్‌స్టన్ నార్త్ దగ్గర అన్సెట్ న్యూజీలాండ్ 703వ నంబరు విమానం కొండల మీద కూలి నలుగురు చనిపోయారు. అక్కడి పోలీసులు కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ కోసం సోదా వారెంటు బాట పట్టారు. పైలట్ల సంఘం కోర్టుకు వెళ్లింది. 1997లో అప్పీలు కోర్టు పోలీసులకు ఆ హక్కు ఉందని తేల్చింది. దాని ఫలితం గమనించండి. కొందరు పైలట్లు తమ విమానాల్లో ఆ రికార్డర్లనే పనిచేయకుండా చేశారు. అంటే ఒక కేసులో సాక్ష్యం దొరికింది కానీ, ఆ తర్వాతి ప్రమాదాల్లో ఏం జరిగిందో తెలిపే గొంతు మూగబోయే పరిస్థితి వచ్చింది. చివరికి అక్కడి పార్లమెంటు 1999లో చట్టం మార్చి ఆ రికార్డింగులకు రక్షణ కల్పించింది. ఆ కెప్టెన్ మీద పెట్టిన కేసు 2001లో నిర్దోషి అన్న తీర్పుతో ముగిసింది. ఇంత తిప్పలు పడి ఆ దేశం చేరిన చోటుకు మన దేశం ముందే చేరుకోవచ్చు కదా అని మా మనవి.

బ్రిటన్‌లో ఇంకొంత సూక్ష్మంగా ఆలోచించారు. 2013లో షెట్‌లాండ్ దీవుల్లోని సంబర్గ్ దగ్గర సూపర్ పూమా హెలికాప్టర్ సముద్రంలో పడి నలుగురు పోయిన కేసులో స్కాట్లండ్ కోర్టు రికార్డర్లను పోలీసులకు ఇవ్వమంది. 2015 ఆగస్టు 22న షోరమ్ వైమానిక ప్రదర్శనలో పాత యుద్ధ విమానం రోడ్డు మీద కూలి 11 మంది చనిపోయినప్పుడు ససెక్స్ పోలీసులు మూడు రకాల సాక్ష్యాలు అడిగారు. కాక్‌పిట్‌లో అమర్చిన కెమెరా తీసిన దృశ్యాలు, పైలట్ దర్యాప్తు సంస్థకు చెప్పిన మాటలు, సంస్థ చేసిన పరీక్షల వివరాలు. 2016 సెప్టెంబరులో హైకోర్టు దృశ్యాలు ఇవ్వమంది. పైలట్ మాటలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. చెప్పక తప్పని స్థితిలో చెప్పించుకున్న మాటను అతని మీదే వాడటం న్యాయం కాదని, అలా వాడితే రేపు ఎవరూ నోరు విప్పరని ఆ తీర్పు సారం.

మా లింబాయత్ సమావేశంలో ఈ తీర్పు గురించి మా వకీలు చెప్పినప్పుడు అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. మేము కోరేదీ అదే. యంత్రం నమోదు చేసినది, కోర్టు తూచి చూసి అవసరమనుకుంటే, ఇవ్వండి. మనిషి నమ్మి చెప్పినది కాపాడండి.

ఇది మన దేశానికి పరాయి ఆలోచన కూడా కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం 1951 నుంచి ఉంది, దాన్ని మనం అంగీకరించాం. వాంగ్మూలాలను, కాక్‌పిట్ సంభాషణలను దర్యాప్తుకు తప్ప ఇంకో పనికి బయటపెట్టాలంటే, అందువల్ల కలిగే మేలు ఈ దర్యాప్తుకూ రాబోయే దర్యాప్తులకూ జరిగే చేటు కంటే ఎక్కువని ముందు తేల్చాలని అది చెబుతోంది. ఈ తూకం మేజిస్ట్రేటు ముందు ఒక పూటలో ముగిసే పని కాదని మా అభిప్రాయం. స్టేషన్ నుంచి వచ్చిన దరఖాస్తు మీద, అవతలి పక్షం లేకుండా వారెంటు వెలువడే చోట ఆ తూకం ఎవరు వేస్తారు?

సోదాల విషయంలో మన తెలుగు నేలమీది ఒక కేసును కూడా మీ దృష్టికి తెస్తున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు చట్టానికి చేసిన సవరణ ప్రకారం కలెక్టర్ ఎవరికి అధికారం ఇస్తే వాళ్లు బ్యాంకుల్లోకి వెళ్లి పత్రాలు చూడగలిగేవాళ్లు, తీసుకుపోగలిగేవాళ్లు. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకు మధ్య నడిచిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఏ కారణంతో, ఏ మేరకు అన్న హద్దు లేకుండా ఎవరో ఒకరికి సోదా అధికారం అప్పగించడం చెల్లదన్నది. మనిషి తన రహస్యాన్ని బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన అది వీధిన పడదని ఆ తీర్పు నిలబెట్టింది. 2017లో పుట్టస్వామి కేసు గోప్యతను ప్రాథమిక హక్కుగా స్థిరపరిచింది. బ్యాంకుకు ఇచ్చిన పత్రానికి ఉన్న విలువ దర్యాప్తు అధికారికి ఇచ్చిన మాటకు ఎందుకు ఉండకూడదు?

సోదా జరిగే తీరు గురించి కూడా మా బాధ చెప్పుకోనివ్వండి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సోదా, జప్తు అంతా వీడియో తీసి మేజిస్ట్రేటుకు పంపాలి. పంచుల ముందు జాబితా రాయాలి. మంచి నియమాలే. కానీ ఈ ఊళ్లో పంచనామా గుజరాతీలో ఉంటుంది. మాలో గుజరాతీ మాట్లాడేవాళ్లు చాలామంది, చదివి తెలుసుకునేవాళ్లు తక్కువ. సోదాలో ఫోన్ తీసుకుంటే దానిలో ఏ భాగం చూస్తారు, ఎప్పుడు తిరిగి ఇస్తారు అన్నది కూడా తెలియకుండా వేలిముద్రో సంతకమో పెట్టి వచ్చే మనిషి చేతిలో ఏ హక్కు మిగులుతుంది? దినకూలీకి ఆ ఫోనే పని పిలుపు, ఆ ఫోనే జీతం వచ్చే దారి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు నడుపుతోంది. పిల్లలకు తెలుగులో పాఠం చెప్పించగల ఊరు ఒక జాబితాను తెలుగులో చదివి వినిపించలేదా?

ఒక మాట స్పష్టం చేయాలి. చనిపోయినవారి కుటుంబాలకు నిజం తెలియకూడదని మేము అనడం లేదు. అహ్మదాబాద్ ప్రమాదం మీద 2025 జూలై 12న వచ్చిన ప్రాథమిక నివేదికలో ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో కటాఫ్ స్థానానికి మారాయని, ఒక పైలట్ ఎందుకు కట్ చేశావని అడిగితే రెండో ఆయన తాను చేయలేదన్నారని రాశారు. ఎవరి మాట ఏదో చెప్పలేదు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ప్రపంచమంతా చనిపోయిన మనుషుల మీద తీర్పులు చెప్పింది. సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ తీరును తప్పుపట్టింది. నవంబరు 7న, తొంభై దాటిన వయసులో కోర్టు తలుపు తట్టిన ఆ విమానం కెప్టెన్ తండ్రికి, మీ అబ్బాయిని ఎవరూ నిందించలేరని ధైర్యం చెప్పింది. దాపరికం, అరకొర సమాచారం రెండూ కలిసినప్పుడు ఎవరికి అన్యాయం జరుగుతుందో ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు. కుటుంబాలకు దర్యాప్తు ఎంతవరకు వచ్చింది అన్న సమాచారం అధికారికంగా, క్రమం తప్పకుండా, వాళ్ల భాషలో అందాలి. అది పత్రికల్లో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు.

పాత 1934 చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టం కింది నియమాలను కొత్త చట్టానికి తగ్గట్టు దిద్దుకోవాల్సిన సమయం ఇదే గనుక మా కోరికలు మీ ముందుంచుతున్నాం.

ఏఏఐబీ వద్ద ఉన్న ఏ సాక్ష్యాన్నైనా పోలీసులు గానీ మరే సంస్థ గానీ కోరితే, హైకోర్టు ఉత్తర్వు తప్పనిసరి చేయండి. ఆ విచారణలో ఏఏఐబీ వాదన, సాక్ష్యం ఇచ్చిన మనిషి వాదన వినాలి. దర్యాప్తు అధికారి ముందు చెప్పిన వాంగ్మూలాన్ని, చెప్పిన మనిషి మీద క్రిమినల్ కేసులో గానీ ఉద్యోగం తీసేసే విచారణలో గానీ వాడకూడదని నియమంలోనే రాయండి. ఈ రెండోది కాంట్రాక్టు కార్మికులకు చాలా ముఖ్యం, వాళ్ల మీద కేసు పెట్టాల్సిన పని కూడా ఉండదు, రేపటి నుంచి రావద్దంటే చాలు. కావాలని చేసిన విధ్వంసం అయితే ఈ రక్షణ వర్తించదని చేర్చినా మాకు అభ్యంతరం లేదు. ప్రమాద స్థలంలో పోలీసులకు ముందుగా దొరికిన పరికరాన్ని ఎన్ని గంటల్లో ఏఏఐబీకి అప్పగించాలో, ఆ అప్పగింతను ఎలా నమోదు చేయాలో రాష్ట్రాలతో మాట్లాడి తేల్చండి. వాంగ్మూలం ఇచ్చే ప్రతి మనిషికీ ముందుగా, అతనికి వచ్చిన భాషలో, ఇది ఎందుకు తీసుకుంటున్నారు, ఎక్కడికి వెళ్లవచ్చు, ఎక్కడికి వెళ్లదు అని రాసిన ఒక్క పేజీ కాగితం ఇప్పించండి. గుజరాత్ విమానాశ్రయాలకు సంబంధించినంతవరకు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగులోనూ అది ఉండాలి.

కలెక్టర్ గారికి ప్రత్యేక మనవి: జిల్లాలో సోదా జాబితాలను, జప్తు రసీదులను సంబంధిత మనిషి భాషలో చదివి వినిపించే ఏర్పాటుకు ఢిల్లీ ఉత్తర్వుల కోసం ఎదురుచూడనవసరం లేదు. పోలీసు కమిషనర్ గారితో మాట్లాడి మీరే మొదలుపెట్టవచ్చు. చదివి చెప్పగల మనుషులను మేము చూపిస్తాం.

ఈ విన్నపం ఏ నియమ సవరణ పరిశీలనకు వెళ్లిందో తెలుపుతూ రాతపూర్వకంగా జవాబు ఇప్పించవలసిందిగా కోరుతున్నాం. అధికారులు పిలిస్తే మా ప్రతినిధులు కలెక్టరేటుకు వచ్చి మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
లింబాయత్ తెలుగు నివాసితులు,
సూరత్, గుజరాత్.

జతపరచినవి: గుజరాతీ ప్రతి, సంతకాల పత్రాలు.
నకళ్లు: డైరెక్టర్ జనరల్, విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, న్యూఢిల్లీ, పోలీసు కమిషనర్, సూరత్, డైరెక్టర్, సూరత్ విమానాశ్రయం.