గీకే ముందు నడిపించండి

మెడికేర్ వ్యవహారాలు చూసే సీఎంఎస్ అధిపతి డాక్టర్ మెహ్మెట్ ఓజ్ గారికి,

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. మా మామయ్యగారు గ్రీన్‌కార్డు మీద ఐదేళ్లు నిండాక ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరారు. ఈ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఇలాంటి పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. మామయ్యగారికి ఎప్పటినుంచో షుగరు. పటేల్ బ్రదర్స్ దుకాణంలో బియ్యం బస్తాల దాకా వెళ్లేలోపే పిక్క పట్టేస్తుంది. బండి పట్టుకుని కాసేపు నిలబడితే తగ్గిపోతుంది, నాలుగడుగులు వేస్తే మళ్లీ మొదలు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తే నిష్పత్తి 0.90 కన్నా తక్కువొచ్చింది. అంటే కాలి ధమనుల్లో పూడిక.

ఒక క్లినిక్‌లో చూపించాం. గజ్జల దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నని గొట్టం పంపి, పూడికను గీకి తీసేస్తామన్నారు. అదే అథరెక్టమీ. పెద్ద కోత లేదు, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు, వచ్చే వారమే రమ్మన్నారు. నడక చికిత్స మాటే ఎత్తలేదు. ఆ చికిత్సకు 2017 నుంచి డబ్బు చెల్లిస్తున్నది మీ సంస్థే: 12 వారాల్లో 36 సార్లు, నిపుణుల కళ్లెదుట, నొప్పి పుట్టేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవడం.

అథరెక్టమీ వద్దనడం లేదు. సున్నం పేరుకుని గట్టిపడ్డ ధమనిలో, దాన్ని వెడల్పు చేసేందుకు పంపే బెలూన్ సరిగా విప్పారదు. కాలి వేలి మీద పుండు మానక, కాలే పోయేలా ఉన్నప్పుడు రక్తం పారించడానికి ఏది పనికొస్తే అది చేయాల్సిందే. కానీ నడిస్తే మాత్రమే నొప్పి వచ్చేవాళ్లలో కాలు తీసేసేదాకా వెళ్లేది బహు కొద్దిమంది. బెలూన్ కన్నా అథరెక్టమీ మేలని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదని 2020 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. అయినా 2019లో తొడ, మోకాలి ధమనులకు తొలిసారి చికిత్స పొందిన మెడికేర్ రోగుల్లో సగానికి పైగా దీన్నే చేయించుకున్నారని, ఆ చికిత్సల కోసం మెడికేర్ ఇచ్చిన సొమ్ములో దాదాపు 90 శాతం దీనికే పోయిందని ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆసుపత్రి బయటి క్లినిక్‌లలో బెలూన్‌కు ఇచ్చేదానికన్నా దీనికి ఏళ్లుగా కొన్ని రెట్లు ఎక్కువ చెల్లిస్తూ వచ్చారు. డబ్బు ఎటు వాలిందో వైద్యమూ అటే వాలింది. పదేపదే ఇలాంటి చికిత్సలు చేయించుకుని చివరికి కాళ్లు పోగొట్టుకున్నవాళ్ల కథలను 2023లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అవి చదివాక మా ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు.

మీరు గుండె శస్త్రచికిత్స నిపుణులు. ధమని గోడ ఎంత సున్నితమో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. పుండు లేని, నడకలో మాత్రమే నొప్పి ఉన్న రోగికి అథరెక్టమీ బిల్లు వస్తే, ముందు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు ఇచ్చారా, పొగ మాన్పించారా, నడక చికిత్సకు పంపారా అని అడగండి. జవాబు లేకపోతే చెల్లించకండి. నడక చికిత్సకు ఇచ్చే రేటు పెంచండి, అప్పుడే కేంద్రాలు దగ్గర్లోకి వస్తాయి. మాకు దొరికిన కేంద్రం ఇంటికి గంట దూరం. కారు నడపడం రాని పెద్దాయన వారానికి మూడుసార్లు అంత దూరం ఎలా వెళ్లగలరు?

ఇట్లు,
ఎడిసన్ నుంచి ఒక కోడలు